నేపాల్ ఏ నెలలో వెళ్లాలి? శ్రీకాకుళం, విజయనగరం వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మాది విజయనగరం. నేపాల్‌కి నాలుగుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి అమ్మానాన్నలతో జూలైలో, తర్వాత స్నేహితులతో నవంబర్‌లో, ఒకసారి సంక్రాంతికి, చివరిగా మళ్లీ అమ్మానాన్నలతో కార్తీక మాసంలో. అప్పటి నుంచి గంటస్తంభం దగ్గర కనబడినవాళ్లు మొదలుకొని ఆమదాలవలస చుట్టాల దాకా అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. ఫోన్లో చెప్పిందే చెప్పడం కన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, దేనికది విడిగానే అర్థమవుతుంది.

## నెల ఖాయం చేసుకునే ముందు

అసలు నేపాల్‌లో చలి ఎప్పుడు, వాన ఎప్పుడు? ఒక్క ముక్కలో చెప్పండి

ఒక్క ముక్కలో కుదరదండి, ఎందుకంటే అక్కడ నెల ఎంత ముఖ్యమో ఎత్తు కూడా అంతే ముఖ్యం. దక్షిణాన తరాయి మైదానం మన పొలాల్లా చదునుగా, వేడిగా ఉంటుంది. ఉత్తరాన 8,848 మీటర్ల ఎవరెస్టు. ఈ రెండింటి మధ్య గాలిలో కొలిస్తే రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. ప్రతి వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు తగ్గుతుందని లెక్క పెట్టుకోండి. అంటే ఒకే రోజు చిత్వన్‌లో ఫ్యాన్ వేసుకుంటారు, 1,350 మీటర్ల ఖాట్మండూలో పల్చటి స్వెటర్ వేసుకుంటారు, 3,700 మీటర్ల ఎత్తున గుడి ఉన్న ముక్తినాథ్‌లో వణుకుతారు.

నెలల సంగతికొస్తే, మార్చి నుంచి మే దాకా వసంతం, ఎండ. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ చివరి దాకా వాన. అక్టోబర్, నవంబర్ శరత్తు. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా చలి. వాళ్ల పంచాంగంలోనూ మనలాగే ఆరు రుతువులే, పేర్లు కూడా అవే, కాబట్టి పెద్దవాళ్లకి చెప్పడం తేలిక.

అన్నిటికన్నా మంచి నెల ఏది?

మన కార్తీక మాసం. దీపావళి అయ్యాక బయల్దేరి నవంబర్ చివరిలోపు వచ్చేయండి. నాలుగు నెలల వాన గాలిలోని దుమ్ముని కడిగేసి ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది, పొఖరాలో ఏ వీధిలోంచి తలెత్తినా మచ్ఛపుచ్ఛ్రే మంచుకొండ కనబడుతుంది. పగలు హాయిగా ఉంటుంది, రాత్రి చలి భరించగలిగేంతే. యాత్రకి వెళ్లేవాళ్లకి మాసం కూడా కలిసొస్తుంది. అయితే ప్రపంచమంతా అప్పుడే వస్తుంది, గదులు, విమాన టికెట్లు రెండు నెలల ముందే చూసుకోవాలి, ధరలు కూడా ఎక్కువే.

దసరా సెలవుల్లో పిల్లలతో వెళ్లొచ్చా? అక్టోబరే కదా

వాతావరణం వరకు పర్వాలేదు, చిక్కంతా పండగతోనే. మన దసరానే వాళ్లకి దశైన్, ఏడాదిలో అతి పెద్ద పండగ, పదిహేను రోజులు చేస్తారు. సప్తమి నుంచి దశమి దాకా ఖాట్మండూ సగం ఖాళీ అయిపోతుంది, అందరూ సొంతూళ్లకి పోతారు. సంక్రాంతి ముందు హైదరాబాద్ నుంచి మన వైపు వచ్చే బస్సులు ఎలా ఉంటాయో అక్కడ బస్సులు అలా ఉంటాయి. చాలా హోటళ్లలో వంటవాళ్లే ఉండరు.

పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసుకుని ఆ మర్నాడే బయల్దేరదామని మా వీధిలో చాలామంది అనుకుంటారు. సిరిమాను దశమి తర్వాత వచ్చే మంగళవారం కాబట్టి మీరు చేరేసరికి అక్కడ జనం ఊళ్ల నుంచి తిరిగొచ్చే రద్దీలో పడతారు. ఇంకో వారం ఆగగలిగితే ఆగండి. ఆగలేకపోతే ఒక్క ఊళ్లోనే ఉండేలా చూసుకోండి, పొఖరా అయితే మంచిది. ఇంకో మాట, ఏ ఏడాదైనా దసరా సెప్టెంబర్ చివర్లో పడితే వాన ఇంకా పోయి ఉండదు. 2024లో సెప్టెంబర్ 26 నుంచి 28 దాకా కురిసిన వానకి ఖాట్మండూ లోయ మునిగింది, దేశం మొత్తం మీద రెండు వందల మందికి పైగా చనిపోయారు. వానాకాలం అయిపోయిందని అందరూ అనుకున్న రోజులవి.

బంగాళాఖాతంలో తుఫానుకి, నేపాల్‌కి ఏం సంబంధం? మీరు ఎప్పుడూ ఆ మాటే చెప్తారు

చెప్తాను, ఎందుకంటే మన తీరంలో వాళ్లకే ఇది ముందు అర్థం కావాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. మన రెండు జిల్లాల్లో ఆ రోజు గుర్తులేని మనిషి లేడు, కొబ్బరి చెట్లు, జీడి తోటలు, కరెంటు స్తంభాలు పడిపోయి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. టీవీలో తుఫాను బలహీనపడిందని చెప్పాక మనం దాన్ని మర్చిపోయాం. కానీ అది అక్కడితో ఆగలేదు, ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్ మీదుగా పైకి వెళ్లి, మోసుకెళ్లిన తేమనంతా అక్టోబర్ 14న అన్నపూర్ణ, ధౌలగిరి కొండల మీద మంచుగా కుమ్మరించింది. 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటుతున్నవాళ్లు నడుములోతు మంచులో చిక్కుకున్నారు. నలభై మందికి పైగా చనిపోయారు. ఆ కనుమకి ఇటువైపు కిందనే ముక్తినాథ్. మంచి నెల కదా అని నమ్మి వచ్చినవాళ్లే వాళ్లంతా.

అలాగని ప్రతి తుఫానూ అటు వెళ్లదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ మన పలాస పక్కనే తీరం దాటింది, ఉద్దానం మొత్తం నేలమట్టమైంది, కానీ ఆ తర్వాత ఒడిశా, బెంగాల్ వైపు తిరిగిపోయింది. కాబట్టి చూడాల్సింది దాని బలం ఒక్కటే కాదు, ఎటు కదులుతోందన్నది కూడా. అక్టోబర్, నవంబర్ నెలల్లో మీరు నేపాల్ కొండల్లో ఉండగా ఇంటి నుంచి ఫోన్ చేసి కళింగపట్నంలో ప్రమాద సూచిక ఎగరేశారు అంటే, అది ఇంటివాళ్ల కోసమే కాదు మీ కోసం కూడా. తుఫాను వాయవ్యంగా, ఉత్తరంగా వెళ్తుందని భారత వాతావరణ శాఖ చెప్తే మూడు నాలుగు రోజులు ఎత్తుకి ఎక్కకండి, పొఖరాలోనో ఖాట్మండూలోనో ఉండిపోండి. అది రావడానికి రెండు రోజులు పడుతుంది, ఆ రెండు రోజులే మీకున్న వ్యవధి.

మే నెల ఎండలు భరించలేం, పిల్లలకి సెలవులు కూడా. అప్పుడు వెళ్తే చల్లగా ఉంటుందా?

ఎక్కడికి వెళ్తారన్నదాన్ని బట్టి. లుంబినీ, జనక్‌పూర్, చిత్వన్ మేలో మన ఊరికన్నా చల్లగా ఉండవు, 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఖాట్మండూ, పొఖరాలో 28, 30 ఉంటుంది, సాయంత్రం పూట ఉరుములతో వాన పడి చల్లబడుతుంది. ముక్తినాథ్‌కి మే బాగానే ఉంటుంది, పెద్దవాళ్లకి చలి బాధ తక్కువ.

చాలామంది చెప్పని సంగతి ఒకటుంది. మార్చి చివరి నుంచి మే దాకా అడవుల్లో మంటల వల్ల, దుమ్ము వల్ల గాలి మసకగా మారిపోతుంది. పొఖరాలో నాలుగు రోజులుండి ఒక్క మంచుకొండ కూడా చూడకుండా వచ్చినవాళ్లు నాకు తెలుసు. ఒక మంచి వాన పడితే మర్నాడు పొద్దున తేటపడుతుంది, అంతవరకు ఓపిక పట్టాలి. సెలవుల్లోనే వెళ్లాలంటే సెలవులు మొదలైన వెంటనే బయల్దేరండి, జూన్ మొదటి వారానికి ఇంట్లో ఉండండి.

ఎవరెస్టు ఎక్కేవాళ్లు మేలోనే ఎందుకు ఎక్కుతారని మా అబ్బాయి అడిగాడు. పైన ఎప్పుడూ వీచే జెట్ గాలులు వానాకాలం వచ్చే ముందు కొద్ది రోజులు ఉత్తరానికి జరుగుతాయి, శిఖరం మీద గాలి నెమ్మదిస్తుంది. హిల్లరీ, టెన్సింగ్ ఎక్కింది కూడా 1953 మే 29నే.

జూలై, ఆగస్టులో ప్యాకేజీ సగం ధరకే ఇస్తున్నారు. తీసుకోవచ్చా?

నేను తీసుకున్నాను. మళ్లీ తీసుకోను. ప్యాకేజీ అమ్మినాయన అన్ని నెలలూ ఒకటేనన్నాడు, నాకు అప్పటికి ఏమీ తెలీదు. ఖాట్మండూ నుంచి పొఖరా రెండు వందల కిలోమీటర్లు. ముగ్లింగ్ దాటకముందే కొండచరియ పడి పదకొండు గంటలు బస్సులోనే ఉన్నాం, అమ్మకి సుగరు, తెచ్చుకున్న జంతికలు, బిస్కెట్లతోనే గడిచింది. పొఖరాలో మూడు రోజులు, ముక్తినాథ్ దారిలో ఉన్న జోమ్‌సోమ్ విమానం కోసం ఎదురుచూసి ముక్తినాథుణ్ణి చూడకుండానే వెనక్కి వచ్చాం. నాన్న ఆ దారంతా ఏమీ మాట్లాడలేదు, అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మనకి వంద సెంటీమీటర్ల పైచిలుకు వాన ఏడాది మొత్తానికి పడుతుంది, పొఖరాలో దానికి మూడింతలకు పైగా, అదీ ఎక్కువ భాగం ఈ నాలుగు నెలల్లోనే. అన్నపూర్ణ కొండలు గోడలా నిలబడి బంగాళాఖాతం నుంచి వచ్చిన మేఘాల్ని ఇటువైపే ఆపేస్తాయి. 2024 జూలై 12న సిమల్‌తాల్ దగ్గర కొండచరియ రెండు బస్సుల్ని త్రిశూలి నదిలోకి తోసేసింది, అరవై మందికి పైగా గల్లంతయ్యారు. తగ్గిన డబ్బు ఈ టెన్షన్‌కి సరిపోదు.

ఖాట్మండూలోనే ఉండి పశుపతినాథ్, భక్తపూర్, పాటన్ చూసుకుని విమానంలో తిరిగొచ్చేస్తానంటే మాత్రం వానాకాలం కూడా పర్వాలేదు. లోయ అంతా వరి పచ్చగా ఉంటుంది. వాళ్ల అసార్ నెల 15న, అంటే జూన్ చివర్లో, ఉభాలు పండగలా చేస్తారు, బురదలో పాటలు పాడుతూ నాట్లు వేసి పెరుగు, అటుకులు తింటారు. మన పొలాల్లో పెరిగినవాళ్లకి అది చూస్తే ప్రాణం లేచొస్తుంది.

వానాకాలంలో వాన పడని చోటు నేపాల్‌లో లేదా?

ఉంది, ముస్తాంగ్. అన్నపూర్ణ, ధౌలగిరి కొండల వెనక ఉండటంతో మేఘాలు అక్కడికి చేరేసరికి ఖాళీ అయిపోతాయి. జోమ్‌సోమ్ నుంచి పైకి నేలంతా ఎర్రగా, బూడిదరంగులో ఎడారిలా ఉంటుంది. అయితే అక్కడికి వెళ్లే దారి మాత్రం బాగా వాన పడే చోట్ల మీదుగానే.

సంక్రాంతికి పది రోజులు సెలవు దొరుకుతుంది. జనవరిలో బతగ్గలమా?

బాగానే బతుకుతారు, ఎత్తుకి వెళ్లకుంటే. ఖాట్మండూలో తెల్లవారుజామున 2, 3 డిగ్రీలుంటుంది, మధ్యాహ్నానికి 18 దాకా పెరుగుతుంది. పొఖరా ఇంకొంచెం వెచ్చగా ఉంటుంది, పైగా జనవరిలో కొండలు అద్దంలా కనబడతాయి. ఇబ్బంది బయట చలితో కాదు, గదిలో చలితో. చాలా హోటళ్లలో హీటర్ ఉండదు, వేడినీళ్లు సోలార్‌వి కాబట్టి పొద్దున్న చల్లగా, సాయంత్రం వేడిగా వస్తాయి. గది తీసుకునేటప్పుడే ఈ రెండూ అడగండి, స్నానం సాయంత్రానికి మార్చుకోండి. వాళ్లకీ ఆ రోజుల్లోనే మాఘే సంక్రాంతి, నువ్వుల లడ్డూలు, నెయ్యి, చాకు అనే బెల్లం పాకం ముద్ద పెడతారు. ముక్తినాథ్ మాత్రం జనవరిలో వద్దు, మంచు పడితే జీపు దారి మూసేస్తారు.

మాకు మంచు పడటం చూడాలని ఉంది. ఎక్కడ, ఎప్పుడు?

ఖాట్మండూలో పడదు. 2007 ఫిబ్రవరి 14న పడితే అరవై ఏళ్ల తర్వాత పడిందని జనం వీధుల్లోకి వచ్చి ఆడారు. మంచు కోసమైతే జనవరి మధ్య నుంచి ఫిబ్రవరి చివరి దాకా కాలించోక్ వైపు వెళ్లండి, ఖాట్మండూ నుంచి జీపులో ఒక రోజు ప్రయాణం, పైన భగవతి అమ్మవారి గుడి ఉంది. ఫలానా రోజు పడుతుందని ఎవరూ చెప్పలేరు. పడ్డ మంచు నేల మీద ఉండటం మాత్రం చాలావరకు చూడొచ్చు.

శివరాత్రికి పశుపతినాథ్ వెళ్తే?

చలి తగ్గుతూ ఉంటుంది, వాన తక్కువ, వాతావరణం బాగుంటుంది. లక్షల్లో జనం వస్తారు, దర్శనానికి గంటల తరబడి నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో అయితే పండగకి నాలుగు రోజులు ముందు వెళ్లండి, సాధువుల్ని చూడొచ్చు, దర్శనమూ తేలిగ్గా అవుతుంది.

చిత్వన్‌లో ఖడ్గమృగం కనబడాలంటే?

ఫిబ్రవరి, మార్చి. మనిషిని మించి పెరిగే ఏనుగుగడ్డిని జనవరి చివర్లో కోసి, కాల్చేస్తారు. కొత్త చిగురు కోసం జంతువులు బయటికి వస్తాయి. వానాకాలం తర్వాత గడ్డి నిలువెత్తు ఉండి పది అడుగుల్లో ఉన్నా కనబడవు.

## రోజుల లెక్క, టికెట్లు

ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

ఖాట్మండూ, పొఖరా మాత్రమే అయితే అక్కడ ఆరు రోజులు. ముక్తినాథ్ కలిపితే తొమ్మిది. ఇందులో రెండు రోజులు ఏ పనీ పెట్టుకోకుండా ఖాళీగా వదలండి. ఆ ఖాళీ రోజులు విమానం ఎగరని రోజుకి, దారి మూసిన రోజుకి. మావాళ్లంతా మొదట వీటినే కొట్టేస్తారు, సెలవులు లేవని. ఆ రెండు రోజులు లేకపోతే వాతావరణం బాగోకపోయినా కొండదారిలో రాత్రిపూట జీపు ఎక్కాల్సి వస్తుంది, అది మాత్రం ఎప్పుడూ చేయకండి.

రైల్లో వెళ్తే ఏ దారి? పొగమంచు సంగతేంటి?

విజయనగరం, శ్రీకాకుళం రోడ్, పలాసల్లో ఫలక్‌నుమా ఎక్కి హౌరా, అక్కడి నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్‌లో రక్సౌల్. సరిహద్దు దాటితే బీర్‌గంజ్, అక్కడి నుంచి ఖాట్మండూకి సుమోలు దొరుకుతాయి. డిసెంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా బీహార్, తరాయి అంతా పొగమంచు కప్పేస్తుంది, రైళ్లు ఐదారు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఆలస్యమవుతాయి. ఆ నెలల్లో హౌరాలో ఒక రైలు నుంచి ఇంకో రైలుకి కనీసం సగం రోజు తేడా పెట్టుకోండి. మేలో అయితే ఏసీ బోగీ లేకుండా ఆ దారి వద్దు. విశాఖ నుంచి విమానంలో అయితే ఢిల్లీలోనో కలకత్తాలోనో మారాలి.

పాస్‌పోర్టు లేదు, ఆధార్ చాలదా?

వీసా అక్కర్లేదు. పాస్‌పోర్టు గానీ ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ ఉండాలి. ఆధార్ 15 ఏళ్లలోపు పిల్లలకి, 65 దాటినవాళ్లకి మాత్రమే చెల్లుతుంది. మిగతావాళ్లు ఆధార్ ఒక్కటే పట్టుకెళ్లి విమానాశ్రయంలో గొడవ పడొద్దు.

జోమ్‌సోమ్ విమానం అంత పొద్దున్నే ఎందుకు? మధ్యాహ్నం లేదా?

ఉండదు. జోమ్‌సోమ్ కాళీగండకి లోయలో ఉంది, ఒక పక్క అన్నపూర్ణ, ఒక పక్క ధౌలగిరి. ఎండ ఎక్కేకొద్దీ పైన టిబెట్ వైపు నేల వేడెక్కి, కింది గాలిని ఈ లోయ గుండా లాగుతుంది. పది, పదకొండు దాటితే మనిషి నిలబడలేనంత గాలి. అందుకే చిన్న విమానాలు తెల్లవారుజాము నుంచి ఆ లోపే ఎగరాలి. మొదటి విమానానికే టికెట్ తీయండి, ఆలస్యమైతే చివరివే రద్దవుతాయి. ఎగిరితే ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, జీపులో అయితే రోజంతా.

## బ్యాగు సర్దేటప్పుడు

లంబసింగి చలి చూశాం, ఆ స్వెటర్లు సరిపోవా?

ఖాట్మండూ, పొఖరాలకి సరిపోతాయి. ముక్తినాథ్‌కి చాలవు. లంబసింగిలో చలి తెల్లవారుజామున రెండు మూడు గంటలే, ఎనిమిదికల్లా ఎండ వచ్చేస్తుంది. ముక్తినాథ్‌లో ఎండలో ఉన్నా గాలి ఎముకల్లోకి దిగుతుంది. ఒక్క మందపాటి స్వెటర్ కన్నా మూడు పొరలు మేలు: ఒంటికి అంటుకునే థర్మల్, మీద ఉన్ని, దానిమీద గాలి చొరబడని జాకెట్. నూలు బట్ట చెమటకి తడిస్తే ఆరదు, పొందూరు ఖద్దరు ఎంత హాయైనా కొండకి దిగువనే కట్టుకోండి. మంకీ క్యాప్, చేతి తొడుగులు, రెండు జతల ఉన్ని మేజోళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. బరువు జాకెట్ మాత్రం కొనకండి, ఖాట్మండూ థమేల్‌లో, పొఖరా లేక్‌సైడ్‌లో అద్దెకిస్తారు.

చిన్న విషయం, మన కొబ్బరినూనె అక్కడ సీసాలో రాయిలా గడ్డకడుతుంది. పెదాలకి, మడమలకి వాజలీన్ తీసుకెళ్లండి. ఎత్తులో ఎండ ఒంటిని కాల్చేస్తుంది, చలిలో అది తెలియదు, కాబట్టి సన్‌స్క్రీన్, నల్లద్దాలు తప్పనిసరి.

అమ్మానాన్నలకి డెబ్బై దగ్గర పడ్డాయి. ముక్తినాథ్ తీసుకెళ్లొచ్చా? మందులేమైనా ఉన్నాయా?

మావాళ్లని తీసుకెళ్లాను, చక్కగా దర్శనం చేసుకున్నారు. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి చూశానని మా నాన్న ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ వెళ్లే ముందు గుండె, బీపీ, ఊపిరితిత్తుల పరీక్ష చేయించి డాక్టరుతో మాట్లాడండి. అక్కడ గాలి పీడనం మన సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులే. ఎత్తు వల్ల వచ్చే జబ్బుకి డయామాక్స్ అనే మాత్ర ఉంది, అది డాక్టరు రాస్తేనే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లకి ముఖ్యంగా.

మందు కన్నా ముఖ్యం నెమ్మదిగా ఎక్కడం. పొఖరా 800 మీటర్లు, ముక్తినాథ్ 3,700. ఒకేరోజు ఎక్కి అక్కడే పడుకోవద్దు. రాత్రి 2,700 మీటర్ల జోమ్‌సోమ్‌లోనో మార్ఫాలోనో పడుకుని, పొద్దున పైకి వెళ్లి దర్శనం చేసుకుని కిందికి వచ్చేయండి. జీపులు ఆగేచోటు నుంచి గుడి దాకా ఎక్కలేనివాళ్లకి గుర్రాలు దొరుకుతాయి. ఇన్సులిన్ వాడేవాళ్లు దాన్ని గడ్డకట్టనివ్వకుండా లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి. చలికి సుగరు చూసే మిషను తప్పు చూపిస్తుంది, దాన్ని కూడా వెచ్చగా ఉంచండి.

తిండి ఎలా? అన్నం దొరుకుతుందా?

రెండు పూటలా దొరుకుతుంది. దాల్ భాత్ వాళ్ల అసలు భోజనం, పప్పు, కూర, ఆకుకూర, పచ్చడి, అడిగినకొద్దీ పెడతారు. ఆవకాయ సీసా గట్టిగా మూత పెట్టి తీసుకెళ్లండి. చలిలో ఆకలి తెలియదు కానీ ఒంటికి బలం కావాలి, నేను పలాస జీడిపప్పు, వేరుశనగ ఉండలు కిలో పట్టుకెళ్తాను, దారి మూసినప్పుడు పక్కవాళ్లకి కూడా పెట్టొచ్చు.

## అక్కడికి చేరాక

పొద్దున కనబడిన కొండలు పదింటికి మాయమయ్యాయి, మళ్లీ రావా?

మర్నాడు పొద్దున వస్తాయి. ఎండకి లోయలో తేమ పైకి లేచి కొండల చుట్టూ మబ్బు కడుతుంది, మంచి నెలల్లో కూడా మధ్యాహ్నం అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి పొఖరా పక్కనున్న సారంగ్‌కోట్ ఎక్కండి, తొమ్మిది దాకా కొండలకే సమయం ఇవ్వండి. గుళ్లు, బజార్లు ఆ తర్వాత పెట్టుకోండి.

ముక్తినాథ్‌లో 108 ధారల కింద స్నానం చేసి తీరాలా?

నవంబర్ పొద్దున ఆ నీళ్లు కొంకర్లు తిరిగేంత చల్లగా ఉంటాయి. కుర్రాళ్లు పరిగెత్తుతూ తడిసి వెంటనే పొడిబట్టలు కట్టుకుంటే పర్వాలేదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు వేళ్లతో ముట్టి నెత్తిన చల్లుకోండి. మా అమ్మ అలాగే చేసింది, ఆమెకి ఏ లోటూ అనిపించలేదు.

తలనొప్పి, వాంతి వచ్చినట్టుంది. చలి వల్లేనా?

2,500 మీటర్లు దాటాక వస్తే ముందు ఎత్తు వల్లనే అనుకోండి. ఇంకా పైకి వెళ్లకండి. నీళ్లు తాగి విశ్రాంతి తీసుకోండి, తగ్గకపోతే కిందికి దిగండి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగొద్దు, దొరికిన జీపులో వెంటనే దింపండి. వెయ్యి మీటర్లు దిగితే మనిషి మామూలుగా అయిపోవడం నా కళ్లతో చూశాను.

రేపటి వాతావరణం ఎక్కడ చూడాలి?

నేపాల్ జల, వాతావరణ శాఖ రోజూ సూచన ఇస్తుంది, అది ఒకటి. అక్టోబర్, నవంబర్‌లో భారత వాతావరణ శాఖ తుఫాను బులెటిన్ రెండోది. మూడోది అక్కడి జీపు డ్రైవరు. ఫోన్ యాప్‌లో ముక్తినాథ్ అని కొడితే చాలాసార్లు ఆ లోయ మొత్తానికి ఒకటే అంకె చూపిస్తుంది, ఎత్తు తేడా పట్టించుకోదు. డ్రైవరు వద్దన్న రోజు బతిమాలకండి, ఎక్కువ డబ్బులు చూపించకండి.

తిరుగు విమానం జోమ్‌సోమ్ నుంచి వచ్చిన రోజే ఖాట్మండూలో పెట్టుకోవచ్చా?

వద్దు. మధ్యలో కనీసం ఒక రాత్రి ఖాట్మండూలో ఉండండి, వానాకాలం చివరైతే రెండు. జనవరిలో ఖాట్మండూలో కూడా పొద్దున పొగమంచుకి విమానాలు పది దాటాక కానీ కదలవు, ఢిల్లీలో మారే విమానం అందదు. మధ్యాహ్నం బయల్దేరే టికెట్ తీసి, రాత్రి ఢిల్లీలోనే పడుకుని, మర్నాడు విశాఖ విమానం పట్టుకోండి.